చర్ల దారిలో గీత తప్పిన మెషిన్

భద్రాచలం వెళ్ళొచ్చానంటే అప్పట్లో అందరూ దర్శనం బాగా జరిగిందా అని అడిగారు. దర్శనం జరగలేదు. గోపురాన్ని బస్సు కిటికీలోంచి చూసి దండం పెట్టుకున్నాను, అంతే. నేను వెళ్ళింది ఊరు దాటాక చర్ల రోడ్డు పక్కన, అడవిని ఆనుకుని ఉన్న ఒక చర్చివాళ్ళ వర్క్‌షాపుకి. తొంభైల మొదటి ఏళ్ళు అవి. కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషిన్లు హైదరాబాదులోనే అక్కడొకటి ఇక్కడొకటి ఉండేవి. వాటిని బాగుచేయడం నా ఉద్యోగం. ఆ షెడ్డు ఇప్పుడు లేదు, అందులోని మనుషులు తలో ఊరికి చేరారు. పేర్లు మార్చి రాస్తున్నాను.

మెషిన్ గురించి రెండు మాటలు చెప్పాలి. ఇనుమును చెక్కే కట్టర్ ఎటు కదలాలో, ఎంత లోతు దిగాలో ముందే రాసి ఇస్తాం. అది నడిచే ఆ దారినే టూల్ పాత్ అంటారు. రాసినట్టే నడుస్తుంది, తనంతట తాను వెంట్రుకవాసి కూడా పక్కకు జరగదు. జరిగిందని కబురొస్తే రాసినవాడే తప్పు రాశాడని మేం నవ్వుకుంటూ వెళ్తాం. ఈసారి కూడా అలాగే బయల్దేరాను.

ఖమ్మం బస్సు

ఖమ్మంలో ఎక్కిన బస్సులో నా పక్కన తునికాకు కాంట్రాక్టరు దగ్గర పనిచేసే గుమాస్తా కూర్చున్నాడు. చింతచిగురు కాలం, తునికాకు కోత మొదలైన రోజులు. కొత్తగూడెం దాకా మాట్లాడుతూనే ఉన్నాడు. తన పొట్లంలోని చేగోడీలు నా ఒళ్ళో పోశాడు, ఆకు కోతకు అడవిలోకి ఆడవాళ్ళు ఎంత పొద్దున్నే పోతారో, ఆకును కట్టలెలా కడతారో చెప్పాడు. మా తెనాలి వైపు బీడీ తాగేవాళ్ళే గాని బీడీ ఆకు ఎక్కణ్ణుంచి వస్తుందో అడిగినవాళ్ళు లేరు.

"మీరు ఎక్కడిదాక?" అన్నాడు.

చర్ల రోడ్డులో చర్చి వర్క్‌షాపు అని చెప్పాను.

"ఆ మిషిన్ కాడికా?"

అవునన్నాను. ఆయన చేగోడీ నమలడం ఆపి కాసేపు నా ముఖం చూశాడు.

"జల్దీ పని జూస్కొని రాండ్రి" అని కిటికీ వైపు తిరిగాడు.

భద్రాచలంలో గోదావరి సగం ఇసుకే. వంతెన దగ్గర హోటల్లో పది రూపాయలకు భోజనం. గోంగూర మూడోసారి అడిగినా విసుక్కోలేదు. మా వైపు గోంగూరకు పచ్చిమిరప వేస్తారు, ఇక్కడ ఎండుమిరప. తిన్నంతసేపూ కళ్ళనీళ్ళే.

బూట్లు

పొద్దున చర్ల బస్సు దిగి ఎదురుగా ఉన్న టీ కొట్లోకి వెళ్ళాను. లోపల నలుగురైదుగురు ఏదో భాషలో మాట్లాడుకుంటున్నారు, కోయభాష అయ్యుండాలి. నేను గడపలో అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయాయి. అందరూ నా ముఖం వైపు కాదు, కాళ్ళ వైపు చూశారు. ఫ్యాక్టరీల్లో వేసుకునే గోధుమరంగు తోలు బూట్లు నావి, చీలమండ పైదాకా ఉంటాయి.

"ఏ క్యాంపు సార్?" అన్నాడు టీ కొట్టాయన, గ్లాసు అందిస్తూ.

"క్యాంపు కాదండీ, కంపెనీ" అన్నాను నవ్వుతూ.

ఎవరూ నవ్వలేదు. గ్లాసులు కింద పెట్టి ఒకరి వెనక ఒకరు వెనక వాకిట్లోంచి వెళ్ళిపోయారు. సగం తాగిన టీలు బల్ల మీద పొగలు కక్కుతూనే ఉన్నాయి. టీ కొట్టాయన నా దగ్గర డబ్బు కూడా తీసుకోలేదు.

వర్క్‌షాపు చూసుకునే బ్రదర్ ఇన్నయ్యగారు గేటు దగ్గరే నన్ను ఆపేశారు. యాభై దాటిన మనిషి, తెల్ల అంగీ, మెడలో సిలువ.

"ఇంజనీర్ గారూ, ముందు ఆ బూట్లు ఇప్పండి. ఇక్కడ అలాంటివి పోలీసులే వేస్తారు" అన్నారు. లోపల్నుంచి ఒక జత రబ్బరు చెప్పులు తెచ్చి నా ముందు పడేశారు. నాకవి రెండు వేళ్ళు చిన్నవి. ఉన్నన్నాళ్ళూ మడమలు నేలకు ఆనుతూనే నడిచాను. మా ఊళ్ళో కొత్తవాణ్ణి చూస్తే ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతారు. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. కాళ్ళు చూసి తెలుసుకుంటారు.

షెడ్డులో

రేకుల షెడ్డు. ఒకవైపు చర్చి, వంటిల్లు, ఇంకోవైపు కిటికీలు. కిటికీల అవతల రోడ్డు, రోడ్డు అవతల నుంచే అడవి. మెషిన్ విదేశీ దాతలు పంపింది. దాని మీద చేతిపంపుల్లో వేసే రబ్బరు వాషర్లకు ఉక్కు అచ్చులు చెక్కుతారు. ఆ వాషరు అరిగితే పంపు ఎంత కొట్టినా నీళ్ళు రావు. లోపలి గూడేలన్నిటికీ వాషర్లు వెళ్ళేది ఈ షెడ్డు నుంచే.

"ఎండాకాలం సగమయింది. ఒక్క మంచి అచ్చు రాలేదు" అన్నారు ఇన్నయ్యగారు. "చెడిపోయిన మెషిన్ అక్కడెందుకు, తీసుకుపోతాం అంటున్నారు మా పెద్దలు. అది పోతే ఈ షెడ్డుకు తాళమే."

గోడ పక్కన పాడైన అచ్చులు పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాను. అన్నీ నున్నగా, సరిగ్గా ఉన్నాయి, ఒక్క చోట తప్ప. అక్కడ కట్టర్ గీత దాటి పక్కకు గీరుకుని, మళ్ళీ గీతలోకి వచ్చింది. కొన్నిట్లో ఒక గాటు, కొన్నిట్లో వరసగా నాలుగైదు. గోటితో గీరినట్టున్నాయి.

మెషిన్ నడిపే యేసురత్నం ముప్పై ఏళ్ళవాడు, బోనకల్ దగ్గరి వాడు. నేను అచ్చులు చూస్తున్నంతసేపూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎప్పట్నించి?" అన్నాను.

"మా బావ పోయినప్పట్నుంచి సార్."

అతని బావ ప్రకాశం అంతకుముందు ఇదే మెషిన్ నడిపేవాడు. కిందటి వానాకాలంలో లోపలి గూడెంలో పంపు బాగుచేయడానికి సైకిలు మీద వెళ్ళాడు. దారిలో పోలీసులకీ అన్నలకీ కాల్పులు జరిగాయి. ప్రకాశం మధ్యలో చిక్కాడు. ఎవరి గుండో ఎవరూ చెప్పలేదు. అతని భార్య మార్త, యేసురత్నానికి అక్క, అప్పట్నుంచి వర్క్‌షాపు వంటింట్లో వండిపెడుతోంది.

"బావ ఉన్నప్పుడు ఒక్కసారి గూడ గిట్ల గాలె" అన్నాడు యేసురత్నం. "ఇప్పుడు ఆయన చెయ్యి పెడుతుండు సార్. గందుకే పక్కకు పోతది."

ఇలాంటివి చాలా ఫ్యాక్టరీల్లో విన్నాను. పనిముట్ల పెట్టె తెరిచి పనిలో పడ్డాను.

ప్రోగ్రాం చదివాను, తప్పు లేదు. కట్టర్ పట్టు, బల్లని జరిపే మరలు, మోటారు బిగింపులు అన్నీ గట్టిగా ఉన్నాయి. కరెంటు ఎక్కువ తక్కువలు చూశాను. ఊరి కరెంటు వణుకుతోంది గాని స్టెబిలైజరు దాటాక నిలకడగానే ఉంది. మధ్యాహ్నం మార్త జొన్నరవ్వ ఉడికించిన గట్క, చింతచిగురు పప్పు, ఎండుచేపల పులుసు పెట్టింది. తల ఎత్తి చూడలేదు. నేను తిని లేచేటప్పుడు మాత్రం, "దాన్ని ఇప్పి పారేస్తరా సార్?" అంది.

"లేదమ్మా, చూస్తున్నానంతే."

తలూపి విస్తరి తీసింది.

పెన్ను

ఉక్కు వృథా చేయడం ఇష్టంలేక కట్టర్ తీసేసి, దాని చోట నా బాల్‌పెన్ను కట్టాను. కింద బల్ల మీద తెల్లకాగితం అతికించాను. ఒక చదరం గీసి, మళ్ళీ అదే గీత మీద గీస్తూ ఉండమని రాసి ఇచ్చాను. ఎక్కడ తప్పుతుందో కాగితమే చెబుతుంది. కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఎండ మండిపోతోంది. అవతల అడవిలో కీచురాళ్ళు ఒకటే రొద. పెన్ను చదరం మీద చదరం గీస్తోంది. సిరా ముదిరి గీత నల్లగా లావయింది. నాకు కునుకు పట్టేలా ఉంది.

కీచురాళ్ళ రొద ఆగింది. ఎందుకాగిందో నాకు తెలియదు. తలెత్తేలోపు పెన్ను గీత వదిలి పక్కకు జరిగింది. ఒక చిన్న గీర. వెనక్కి వచ్చింది. మళ్ళీ జరిగింది, ఈసారి పొడుగు గీర. ఆగింది. మళ్ళీ రెండు చిన్నవి. మనిషి ఆగి ఆగి మాట్లాడితే ఎలా ఉంటుందో అలా ఉంది ఆ కదలిక. మెషిన్ మీటల దగ్గర ఎవరూ లేరు. యేసురత్నం నాకు రెండు బారల దూరంలో గోడకు ఆనుకుని ఉన్నాడు.

"వచ్చిండు" అన్నాడు మెల్లగా.

కిటికీ బయట అప్పటికే ఒక ముసలావిడ నిలబడి ఉంది. నెత్తిన తునికాకు మూట, చెవుల నిండా పోగులు. ఆవిడ ఏదో అడిగింది, యేసురత్నం తలూపాడు. మరుమాట లేకుండా వెనక్కి తిరిగి అడవి అంచున ఎవరికో చేయి ఊపుతూ వెళ్ళిపోయింది. జోగమ్మ అనీ, పక్క గూడెం పెద్దదనీ తర్వాత చెప్పారు.

ఇంతలో మార్త తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. మెషిన్ పక్కన నిలబడి దాని ఇనుప ఒంటి మీద అరచెయ్యి ఆనించింది. జ్వరమొచ్చిన మనిషి నుదురు తాకినట్టు. పెదవులు కదులుతున్నాయి. పెన్ను ఇంకొన్నిసార్లు గీరి, చదరంలోకి వచ్చి, ఎప్పటిలా గీయడం మొదలుపెట్టింది. అప్పుడు చెయ్యి తీసి లోపలికి వెళ్ళిపోయింది.

నేను కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. ఒక్క సంగతి అర్థమైంది. పక్కకు పోయిన పెన్ను ప్రతిసారీ సరిగ్గా తన గీత మీదికే వచ్చింది. మెషిన్ లెక్క తప్పితే అలా తిరిగి రాదు, తప్పిన చోటు నుంచే గీసుకుంటూ పోతుంది. అంటే అది ఎక్కడుందో దానికి తెలుసు. ఎవరో పక్కనుంచి చెయ్యి పట్టి లాగుతున్నారు, వదలగానే అది తన దారికి వస్తోంది. ఈ మాట నాలో నేనే అనుకుని, లేచి మెషిన్ స్విచ్ ఆపేశాను.

రోడ్డు మీద

మర్నాడు అదే ఏర్పాటు. అదే ఎండ. ఈసారి నేను మీటరు చేతిలో పట్టుకుని, కంట్రోల్ బీరువా నుంచి మోటారు డ్రైవ్‌కు వెళ్ళే తీగ దగ్గర కూర్చున్నాను. ఎంత వేగంతో కదలాలో మోటారుకు చెప్పేది ఆ తీగే. పెన్ను గీరడం మొదలవగానే మీటరు ముల్లు ఎగిరింది. తీగలోకి ఏదో బయటి నుంచి వస్తోంది. కిటికీలోంచి చూశాను. రోడ్డు ఖాళీ. చెట్లు ఖాళీ. ఆకు కదలడం లేదు. గీరలు ఆగాయి, మళ్ళీ మొదలయ్యాయి.

కొంతసేపటికి, నేను చూస్తున్న ఆ చెట్ల మధ్య నుంచే, ఒక మనిషి రోడ్డు మీదికి అడుగు పెట్టాడు. అతని వెనక ఇంకొకడు. పోలీసులు. ఆకుపచ్చ బట్టలు, భుజాన తుపాకులు. ఒకరి అడుగులో ఒకరు అడుగు వేస్తూ బారులు తీరి వచ్చారు. చప్పుడు లేదు. నీళ్ళ కోసం మా గేటు పక్కన ఉన్న పంపు దగ్గర ఆగారు. ఒకడి వీపున పెట్టె ఉంది, దాని మీంచి పొడవాటి యాంటెనా తల పైకి లేచి ఊగుతోంది. వాడు రిసీవరు నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడాడు.

నా వెనక పెన్ను గీరింది.

వాడు నోరు మూసి విన్నాడు. వెనక చప్పుడు లేదు. వాడు మళ్ళీ మాట్లాడాడు. కాగితం మీద మళ్ళీ గీర. నేను వెనక్కి తిరగలేదు, వినపడుతూనే ఉంది. వాడి ఒక్కో మాటకు ఒక్కో గీర.

వాళ్ళలో పెద్దవాడు కిటికీ దగ్గరికి వచ్చి లోపలికి చూశాడు. ముందు నా చెప్పులు చూశాడు.

"ఏం పని?"

"మెషిన్ రిపేరు సార్."

"అయిందా?"

"అవుతోంది" అన్నాను.

వాళ్ళు వెళ్ళిపోయారు. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. పోలీసులను చూసి కాదు ఆ భయం. వాళ్ళు రోడ్డెక్కక ముందే పెన్ను గీరింది. నిన్న గీరినప్పుడు రోడ్డు మీదికి ఎవరూ రానేలేదు. అంటే నిన్నంతా, ఆ ఆకు కదలని చెట్లలో, మాకు ఎదురుగా, మమ్మల్ని చూస్తూ మనుషులు నిలబడి ఉన్నారు. గోడ పక్కన పేర్చిన అచ్చుల వైపు చూశాను. ప్రతి గాటు వెనకా అడవిలో ఎవరో ఒకరు మాట్లాడారు.

తీగ మీది తొడుగు

సాయంత్రం వెలుగుండగానే వంటింటి అరుగు మీద ఇన్నయ్యగారికి, యేసురత్నానికి, మార్తకు చెప్పాను. ఆ తీగ చుట్టూ ఒక లోహపు అల్లిక తొడుగు ఉంటుంది. బయటి తరంగాలేవీ లోపలికి రాకుండా అది కాపాడాలి. దాని ఎర్తు కొస ఊడిపోయింది, కింద ఎలుక కొరికింది. అందువల్ల దగ్గర్లో వైర్‌లెస్‌లో ఎవరు మాట్లాడినా మోటారు ఉలిక్కిపడుతోంది. ప్రకాశం పోయాకే పోలీసులు ఈ చుట్టూ తిరగడం ఎక్కువైంది, అందుకే అప్పట్నుంచి మొదలైంది.

"అంటే అది ఆయన గాదు" అంది మార్త.

"కాదమ్మా."

ఆమె తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. "వాళ్ళ మాటలనా సార్, ఇన్ని దినాలు నేను నిమిరింది?"

ఆమె లేచి లోపలికి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. పొయ్యిలో నిప్పు లేదు.

అప్పుడు యేసురత్నం జోగమ్మ సంగతి చెప్పాడు. "ఆకుకు పొయ్యేటప్పుడు, వచ్చేటప్పుడు అవ్వ కిటికీ కాడ నిలవడి అడుగుతది సార్, ప్రకాశం వచ్చిండా అని. వచ్చిండు అంటే ఆడోళ్ళందర్ని పిలిపించి బయటికి తోల్కపోతది. రెండుసార్లు లోపట కాల్పులైనయి. గూడెమోళ్ళు ఒక్కలు గూడ అందుల లేరు. మా బావనే కాస్తుండని అంటది."

ఇన్నయ్యగారి చెయ్యి సిలువ మీదికి పోయింది. "ఇది బయటికి పొక్కితే, పోలీసుల కదలికలు మనం కనిపెడుతున్నామంటారు. మనల్ని మిగలనివ్వరు. మెషిన్ బాగుచేయండి ఇంజనీర్ గారూ. ఊళ్ళకు నీళ్ళు కావాలి."

"మరి అవ్వకు ఏం జెప్పాలె బ్రదర్?" అన్నాడు యేసురత్నం. "ఇగ రాడని చెప్పాలెనా? ఆమె నమ్మి లోపటికి పోతది."

యేసురత్నం నా వైపు తిరిగాడు. మెషిన్ గీత తప్పకుండా ఉండి, ఆ సంగతి మాత్రం తెలిసే ఉపాయం ఉందా అని అడిగాడు. ఉంది. చాలా తేలిక కూడా. తుక్కులో పాత స్టెబిలైజరు ముల్లు మీటరు ఒకటి చూశాను. దానికి చిన్న డయోడు ఒకటి, పొడుగాటి తీగ ఒకటి చాలు, దగ్గర్లో ఎవరు వైర్‌లెస్‌లో మాట్లాడినా ముల్లు లేస్తుంది. కాని అది చేసి ఇచ్చి నేను హైదరాబాదు బస్సెక్కుతాను. దొరికితే పట్టుబడేది వీళ్ళు. ఆ మాటే అన్నాను.

"మా బావ ఏం తప్పు చేసిండని పోయిండు సార్?" అన్నాడు యేసురత్నం. గొంతు పెంచలేదు.

ఇన్నయ్యగారు లేచారు. "నేను ప్రార్థనకు పోతున్నా. నేనేం వినలేదు, ఏం చూడలేదు" అని చర్చి వైపు నడిచారు. రెండడుగులు వేసి ఆగి, "చూరు కింద చెక్క చీకిపోయింది. మేకు కొట్టేటప్పుడు చూసుకోండి" అన్నారు వెనక్కి తిరగకుండా.

చివరి పూట

మర్నాడు కొత్త తీగ వేసి, తొడుగు కొసను ఎర్తుకు గట్టిగా బిగించాను. ముల్లు మీటరును పనిముట్ల అలమరలో, తలుపు తెరిస్తేగాని కనపడని చోట బిగించాం. దాని తీగ రేకుల చూరు కింద నుంచి బట్టలారేసే తీగలో కలిసిపోయింది. తర్వాత అసలు ఉక్కు పెట్టి అచ్చు చెక్కించాం. పని సగంలో ఉండగా కీచురాళ్ళు ఆగాయి. యేసురత్నం అలమర తలుపు తెరిచాడు. ముల్లు లేచి, పడి, మళ్ళీ లేచింది. కట్టర్ మాత్రం తన దారిన తాను పోతూనే ఉంది. అచ్చు మీద వేలు పోనిచ్చి చూశాను, అద్దంలా ఉంది.

మామూలుగా ఆ క్షణంలో నాకు గర్వంగా ఉంటుంది. ఆ రోజు వంటింటి గుమ్మం వైపు చూశాను. మార్త గుమ్మంలో నిలబడి ముల్లును చూస్తోంది. మెషిన్ దగ్గరికి రాలేదు. కిటికీ బయట జోగమ్మ అడిగింది. యేసురత్నం నన్ను ఒకసారి, అక్కను ఒకసారి చూశాడు.

"వచ్చిండని చెప్పు" అంది మార్త.

తిరుగు బస్సు

నా బూట్లు గోనెసంచిలో చుట్టి ఇచ్చారు ఇన్నయ్యగారు. భద్రాచలం దాకా వేసుకోవద్దన్నారు. పొద్దున బస్సులో జనం పలచగా ఉన్నారు. తునికాకు కోతకు ఆడవాళ్ళు తెల్లారకముందే అడవిలోకి పోతారని, ఎండెక్కాకే మూటలతో వస్తారని గుమాస్తా చెప్పాడు కదా. ఇంకా ఎండ కూడా ఎక్కలేదు.

వర్క్‌షాపు దాటి మలుపు తిరగగానే డ్రైవరు బస్సు నెమ్మది చేశాడు. రోడ్డు పక్కన ఆడవాళ్ళు అడవిలోంచి బయటికి వస్తున్నారు. బారులు తీరి, పరుగెత్తకుండా, వెనక్కి చూడకుండా. నెత్తిన మూటలు సగం కూడా నిండలేదు, కొందరివి ఖాళీగా వేలాడుతున్నాయి. చంకన పిల్లలున్నవాళ్ళు పిల్లల నోళ్ళు చేత్తో మూసి నడుస్తున్నారు. అందరికన్నా వెనక, వాళ్ళను తోలుకొస్తూ జోగమ్మ. బస్సు పక్కనుంచి పోతుంటే తలెత్తి కిటికీలో నన్ను చూసింది. గుర్తుపట్టినట్టు ఏమీ చేయలేదు.

కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపేశాడు. నేను ఆ ఆడవాళ్ళు వచ్చిన వైపు, చెట్లలోకి, కళ్ళు చికిలించి చూశాను. ఒక్క మనిషి లేడు, ఒక్క ఆకు కదలలేదు. ఎదురుగా నిలబడి చూస్తున్న వాళ్ళకు నా ముఖం ఎలా కనిపిస్తోందో అనుకుని, కిటికీ రెక్క మెల్లగా దించాను.